అడుగుండ్రి చెప్తా: "అక్కా, ఆర్ట్స్ కాలేజీల బీఏ సీటు కనిపిస్తలేదు"

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినంక మన పేజీకి వచ్చే ఉత్తరాలన్నీ ఒక్క దిక్కే తిరుగుతయి. మామూలుగా అయితే అత్తాకోడళ్ళ పంచాయితీ ఒకటి, మోకాళ్ళ నొప్పులు ఒకటి, చిట్టీ ఎత్తుకొని పరారైనోని కథ ఒకటి ఉంటది. ఈసారి విప్పిచూస్తే అన్నీ డిగ్రీ ముచ్చట్లే, అందుల్ల గూడ సగానికి ఎక్కువ మన నల్గొండ, పాలమూరు, వనపర్తి, నారాయణపేట దిక్కు పిల్లలవి, వాళ్ళ నాయినలవి. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాళ్ళకే. మోకాళ్ళ నొప్పులోళ్ళు ఏమనుకోకుండ్రి, వచ్చే నెల మీదే.

నాది దేవరకొండ అవతల ఊరు. 1990ల చివర్ల కోఠీ ఉమెన్స్ కాలేజీల బీఏ చదివిన, తర్వాత చానా ఏండ్లు జూనియర్ కాలేజీల సివిక్స్ చెప్పిన. కాబట్టి నేను చెప్పేదాంట్ల కొంచెం కోఠీ పక్షపాతం ఉంటది, ముందే ఒప్పుకుంటున్న.

*

"అక్కా నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర. ఇంటర్ సీఈసీల 81 శాతం వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) ఆర్ట్స్ కాలేజీల చదవాలని చిన్నప్పటి నుంచి కోరిక, ఆ బిల్డింగ్ ముంగట దిగిన ఫోటోనే నా డీపీ. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ సైట్‌ల ఎంత వెతికినా ఆర్ట్స్ కాలేజీ బీఏ అని వస్తలేదు. నెట్ సెంటర్ అన్న గూడ దొరుకతలేదన్నడు. సీట్లు అయిపోయినయా అక్కా?"

అయిపోలే తమ్మీ, అసలు లేవు. ఆ బిల్డింగుల చెప్పేది ఎమ్మేలు, ఆ పైన పీహెచ్‌డీలు. క్యాంపస్‌ల ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, అది 1929 నాటిది, దానికి ఎప్‌సెట్ ఎంట్రెన్స్ రాయాలె, నీ దారి అది కాదు. ఇంటర్ అయిపోంగనే బీఏ, బీకాం, బీఎస్సీ చదవాలనుకునే పిలగాడికి ఓయూ అంటే మొదలు చూడాల్సింది బషీర్‌బాగ్‌ల ఉన్న నిజాం కాలేజీ. అది యూనివర్సిటీ సొంత కాలేజీ. ఇది చెప్పంగనే చానామంది మొఖం చిన్నబోతది, ఏదో రెండో నంబర్ది ఇచ్చినట్టు. నీ మొఖం గూడ ఇప్పుడు అట్లనే అయి ఉంటది, అందుకే కొంచెం వెనక్కి పోయి చెప్తా.

ఉస్మానియా యూనివర్సిటీ 1918ల నిజాం ఫర్మానాతోటి పుట్టింది. నువ్వు డీపీ పెట్టుకున్న గులాబీ రాతి బిల్డింగ్ మొదలైంది 1939 డిసెంబర్ల. అంటే మొదటి 20 ఏండ్లు ఆ బిల్డింగే లేదు, అబిడ్స్ దిక్కు కిరాయి బంగ్లాలల్ల క్లాసులు నడిచినయి. ఆ బంగ్లాలల్ల చదివినోళ్ళు గూడ ఉస్మానియోళ్ళే కదా. నిజాం కాలేజీ అయితే 1887 నాటిది, యూనివర్సిటీ కన్న 31 ఏండ్లు పెద్దది, పెద్దమ్మ లెక్క. దాని మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడు వాళ్ళ నాయిన. ఇంకో తమాషా ఏందంటే పక్కనే ఉస్మానియా ఉన్నా ఈ కాలేజీ 1947 దాకా మద్రాస్ యూనివర్సిటీ కిందనే ఉండె, అందుకే ఉస్మానియాల పాఠాలన్నీ ఉర్దూల నడుస్తుంటే ఇక్కడ ఇంగ్లీషుల నడిచినయి. శ్యాం బెనెగల్, క్రికెటర్ అజారుద్దీన్ అందరూ ఇక్కడి పిల్లలే. నీకు ఇది చాలదంటే ఇగ నేనేం చెప్పలేను.

నిజాం రాకపోతే సిటీ కాలేజీ పెట్టుకో, హైకోర్టు పక్కన, మూసీ ఒడ్డుకు. అది సర్కారు కాలేజీ, ఓయూ కిందనే ఉంది, ఆ బిల్డింగ్ 1921 నాటిది, దాని కమాన్లు చూసినవంటే ఆర్ట్స్ కాలేజీని ఓ వారం మర్చిపోతవ్. ఇట్ల సొంత కాలేజీలు, సర్కారు కాలేజీలు ముందు రాసి ప్రైవేటువి కింద రాయి. ఎందుకంటే ఓయూ పేరు కావాలంటే అది ఎక్కడైనా దొరుకతది, దిల్‌సుఖ్‌నగర్ల బైకు షోరూము మీద మూడో అంతస్తుల నడిచే కాలేజీ సర్టిఫికెట్ మీద గూడ ఉస్మానియా ముద్రే ఉంటది. పేరు చూసి ఆప్షన్ పెట్టుకోకు, లైబ్రరీ ఉందా, పాఠం చెప్పే మనుషులు ఉన్నరా చూసి పెట్టుకో.

దోస్త్ గురించి ఒక్క మాట, ఇది అందరూ వినుండ్రి. 2016 నుంచి డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ ఈ దోస్త్‌ల్నే ఇస్తున్నరు, ఇంటర్ మార్కులు, రిజర్వేషన్ చూసి. సీటు వచ్చిందని మెసేజ్ రాంగనే అయిపోయిందనుకుంటరు, అయిపోలే. ఈ సీటు తీసుకుంటున్న అని ఆన్‌లైన్ల సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలె, చెయ్యకపోతే సీటు పోతది. మా చిన్నమ్మ మనవడు మంచి సీటు వచ్చిందని ఊరంత మైసూర్‌పాకులు పంచి, రిపోర్టింగ్ సంగతి తెల్వక పెండ్లికి పోయిండు, మూడు రోజులు. తిరిగి వచ్చి చూస్తే సీటు లేదు, మైసూర్‌పాకు డబ్బా ఒక్కటి మిగిలింది. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ నీ చేతుల ఉండాలె, మీ మామదో నెట్ సెంటర్ అన్నదో కాదు.

ఆ గులాబీ బిల్డింగ్ కాడికి మాత్రం పో. ఆదివారం పొద్దుగాల పో, మెట్ల మీద కూసో, లోపటికి పోయి పైకప్పు దిక్కు చూడు. దానికి నక్ష గీసింది బెల్జియం ఆయన, ఎర్నెస్ట్ జాస్పర్, గానీ రాయి మాత్రం ఇక్కడిదే, చెక్కింది గూడ ఇక్కడి చేతులే. డిగ్రీ అయినంక ఎంట్రెన్స్ రాసి ఎమ్మేకు అక్కడికే పోవచ్చు, డీపీ అప్పటిదాక అట్లనే ఉండనీ.

*

"మేడంగారికి నమస్కారం. నకిరేకల్ దగ్గర చిన్న కిరాణం నాది. కొడుకు హైదరాబాద్‌ల డిగ్రీ అంటున్నడు. నేను గూడ 1994ల నల్గొండ ఎన్‌జీ కాలేజీల బీకాం చేసిన, నా సర్టిఫికెట్ మీద ఉస్మానియా యూనివర్సిటీ అనే ఉంది. ఇంటికాడ ఉండి చదివితే అదే కదా వచ్చేది, అంత ఖర్చు ఎందుకు?"

అన్నా, మీ సర్టిఫికెట్ ముచ్చట నిజమే గానీ అది మీ కాలం ముచ్చట. అప్పుడు నల్గొండ, పాలమూరు కాలేజీలన్నీ ఉస్మానియా కిందనే ఉండె. 2007ల నల్గొండకు మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చింది, 2008ల పాలమూరుకు పాలమూరు యూనివర్సిటీ వచ్చింది, అప్పటి నుంచి ఎన్‌జీ కాలేజీల చదివితే సర్టిఫికెట్ మీద ఎంజీయూ పేరు ఉంటది. దానివల్ల విలువ తగ్గదు, గ్రూప్స్ పరీక్షల ఎవ్వరూ ఏ యూనివర్సిటీ అని అడగరు. ఎన్‌జీ కాలేజీ 1956 నుంచి ఉంది, మన జిల్లాల సగం మంది టీచర్లు, వీఆర్వోలు, వకీళ్ళు అక్కడ చదివినోళ్ళే, దాన్ని చిన్నచూపు చూసే పిల్లలంటే నాకు గూడ కోపం వస్తది.

ఇగ ఖర్చు సంగతి. సర్కారు కాలేజీ ఫీజు మిమ్మల్ని ముంచదు, దాంట్ల గూడ రీయింబర్స్‌మెంట్ ఉంటది. బీసీ, ఈబీసీ వాళ్ళకు ఊర్లల్ల అయితే ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్నాలల్ల అయితే 2 లక్షల లోపు ఉండాలె, ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీసేవల తీసుకొని ఈపాస్ అనే స్కాలర్‌షిప్ సైట్‌ల వేరేగా అప్లై చెయ్యాలె, ప్రతి ఏడు మళ్ళీ రెన్యూవల్. దోస్త్‌ల సీటు వస్తే స్కాలర్‌షిప్ దానంతట అదే వస్తదనుకునేటోళ్ళు ఏటా కనిపిస్తరు నాకు. నిజాం లాంటి కాలేజీల గూడ కొన్ని కోర్సులు సెల్ఫ్ ఫైనాన్స్ ఉంటయి, ఫీజు ఎక్కువ, ఆప్షన్ పెట్టేటప్పుడే కోర్సు పేరు పక్కన అది చూసుకోమనుండ్రి, చేరినంక ఏడ్వద్దు.

ముంచేది ఫీజు కాదన్నా, హాస్టల్. మా అక్క కొడుకు అశోక్‌నగర్ల నలుగురితోటి కలిసి ఒక రూముల ఉంటూ నెలకు 6,000 కడుతున్నడు, ఆదివారం రాత్రి మెస్సు బంద్, బయట తినాలె, సబ్బులు, జిరాక్సులు, ఊరికి వచ్చిపోయే చార్జీలు వేరే. మూడేండ్ల మీద లెక్కేసుకోండ్రి, కిరాణం నడిపే మనిషికి లెక్క నేను నేర్పాల్నా. నాకు చిత్రంగా అనిపించే ముచ్చట ఒకటి ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన 1918ల్నే హైదరాబాద్‌ల రెడ్డి హాస్టల్ గూడ పుట్టింది. దాన్ని పెట్టించింది వనపర్తి సంస్థానం దిక్కు పుట్టి తర్వాత హైదరాబాద్ కొత్వాల్, అంటే పోలీసు పెద్ద, అయిన రాజా బహదూర్ వెంకటరామరెడ్డి. జిల్లాల నుంచి వచ్చే పిలగాళ్ళకు పట్నంల తలదాచుకునే జాగ లేదని పెట్టించిండు. మన గద్వాల దిక్కు సురవరం ప్రతాపరెడ్డి గూడ ఆ హాస్టల్ బాధ్యతలు చూసినాయనే. అంటే నూరేండ్ల కింద గూడ మన పిలగాడికి సీటు కన్న ముందు వచ్చిన ప్రశ్న "రాత్రికి యాడ పండాలె" అనేదే. ఇయ్యాల్టికీ అదే. బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే పోస్ట్ మెట్రిక్ హాస్టళ్ళు ఉన్నయి, సీటు కన్ఫర్మ్ అయిన రోజే వాటికి అప్లై చెయ్యాలె, నెల ఆగితే నిండుతయి.

మీ కొడుకును పంపాల్నా వద్దా అంటే నేను ఇట్ల చూస్తా. పిలగాడికి కాలేజీ అయినంక మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి దాక ఏం చేస్తవురా అని అడగండ్రి. చిక్కడపల్లి లైబ్రరీల కూసుంటా, కోచింగ్‌కు పోతా, ఫలానా చోట పార్ట్ టైం చేస్తా అని ఏదన్నా ఉంటే పంపండ్రి, అప్పు చేసైనా. "ఏమో, హైదరాబాద్ కదా" అన్నడనుకో, ఎన్‌జీ కాలేజీకి బస్ పాస్ తీసియ్యండ్రి. రూముల ఫోన్ చూసుకుంటూ పండడానికి నకిరేకల్ల గూడ సిగ్నల్ మంచిగనే వస్తది.

*

"అక్కా, మాది మక్తల్. కోఠీల బీఎస్సీ సీటు వచ్చింది గానీ అక్కడి హాస్టల్ల రాలే. నాయిన వద్దంటున్నడు, అమ్మ పో అంటుంది. మా బావ ఏమో 'అది ఇప్పుడు ఓయూ గాదు, పేరు మార్చిండ్రు' అని ఎక్కిరిస్తున్నడు. బయట హాస్టల్ల ఉండి చదువుకోవచ్చా?"

చెల్లె, కోఠీ అనంగనే నాకు వేరే పనులన్నీ ఆగిపోతయి. మీ బావ చెప్పింది అబద్ధం కాదు. 1924ల మొదలైన ఆ కాలేజీ చానా ఏండ్లు ఓయూ సొంత కాలేజీ, 2022ల దాన్ని మహిళా విశ్వవిద్యాలయం చేసిండ్రు, 2024ల చాకలి ఐలమ్మ పేరు పెట్టిండ్రు. ఐలమ్మ ఎవరో మీ బావకు తెల్వకపోతే చెప్పు, విసునూరు దేశ్‌ముఖ్ మీద తన పంట కోసం కొట్లాడిన పాలకుర్తి ఆమె. ఆ పాలకుర్తి అప్పట్ల మన నల్గొండ జిల్లాల్నే ఉండె, జనగామ తాలూకా. ఆమె పేరున్న సర్టిఫికెట్ గోడకు తగిలించుకుంటే ఎక్కిరించేదేముంది, మీ బావది ఏ కాలేజో ఒకసారి అడుగు.

నువ్వు పోయే జాగ ఎసొంటిదో చెప్తా. అది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. 1800ల మొదట్ల కిర్క్‌ప్యాట్రిక్ అనే రెసిడెంట్ కట్టించుకున్నడు, ఆయన ఖైరున్నిసా అనే హైదరాబాద్ ఘరానా పిల్లను పెండ్లి చేసుకున్నడు, ఆమె పరదాల ఉండి బిల్డింగ్ ముందటి భాగం చూడలేదని ఆమె కోసం ఆ మొత్తం బిల్డింగ్‌ను బొమ్మరిల్లంత చేయించి జనానా కాడ పెట్టించిండని చెప్పుకుంటరు. 1949ల కాలేజీ అందులకు వచ్చింది. నేను మొదటిసారి పోయిన రోజు వాన. రేకు ట్రంకు పెట్టె నెత్తిమీద పెట్టుకొని మా చిన్నాయన ముందట, ఎనక నేను, ఎత్తు మెట్ల కాడ ఆగినం, రెండు దిక్కుల రాతి సింహాలు, పైన మా ఊరి చింతచెట్టంత స్తంభాలు. చిన్నాయన పెట్టె దింపకుండనే తల పైకెత్తి చూసి "ఇది కచేరీ లెక్కుంది, మనం తప్పు జాగకు వచ్చినమే" అన్నడు. దర్బార్ హాలుల పావురాల చప్పుడు, ఎవరన్నా గట్టిగ మాట్లాడితే ఆ మాట పైకప్పు దాక పోయి తిరిగొచ్చేది. మూడేండ్లు అక్కడ నడిచినంక నాకు కలెక్టర్ ఆఫీసు అయినా, కోర్టు అయినా లోపటికి పోవాలంటే కాళ్ళు వణకలే. పాత బిల్డింగుల చదివితే ఏమొస్తది అంటరు చూడు, నాకు వచ్చింది అది.

బయట హాస్టల్ గురించి. ఉండొచ్చు, చానామంది ఉంటున్నరు. గానీ బోర్డు మీద పీజీ అని ఉంటది, అది పీజీ చదివేటోళ్ళది అనుకొని మా ఊరి పిల్ల ఒకతె వెనక్కి తిరిగిపోయింది, ఇది ఆ పీజీ కాదు, పైసలిచ్చి ఉండేది. పోయేటప్పుడు సాయంత్రం కాదు, పొద్దున ఏడింటికి పో. అప్పుడే నీళ్ళు వస్తున్నయా, బాత్రూం కాడ ఎంతమంది నిలబడ్డరు, టిఫిన్ ఏం పెడుతున్నరు అన్నీ ఒక్కసారే తెలుస్తయి. ఓనర్ ముందట కాకుండ అక్కడి పిల్లల్ని పక్కకు పిలిచి అడుగు. రాత్రి లోపల పండే ఆడమనిషి ఎవరు, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటది, ఇవి మీ నాయిననే అడగమను, ఆయనకు సగం భయం అక్కడ్నే పోతది. అడ్వాన్స్ ఒక్క నెలదే ఇయ్యి, రసీదు తీసుకో. మా రోజులల్ల నేను కాలేజీ హాస్టల్ దొరికేదాక బయట ఒక చోట ఉన్న, మూడు నెలల అడ్వాన్స్ కట్టించుకొని, ఖాళీ చేసేనాడు "గోడకు మేకులు కొట్టినవ్" అని ఒక్క రూపాయి తిరిగియ్యలే. మేకు ఒక్కటే ఉండె, అది గూడ నేను పోకముందు నుంచే ఉంది.

కాలేజీ హాస్టల్ ఆశ వదలకు. వెయిటింగ్ లిస్టు ఉంటది, మొదటి నెలల్నే కొందరు ఇంటిమీద బెంగతోటి, కొందరు వేరే సీటు వచ్చి పోతరు. వారానికొకసారి ఆఫీసుకు పోయి మొఖం చూపిస్తనే ఉండు. దారి గూడ కష్టం లేదు, బస్సు ఎంజీబీఎస్‌ల దిగితే మెట్రోల ఒక్క స్టేషన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ అని ఉంటది, దిగి నడువు. ఊరికి పోయిరావడానికి 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ దాక ఆడోళ్ళకు టికెట్ లేదు, మా కాలంల ఉంటే నేను నెలకు నాలుగుసార్లు పోయి చదువు పాడు చేసుకునేదాన్ని. మీ నాయినకు ఫోన్ చెయ్యి రోజూ, రెండు నిమిషాలు, అదే టైంకు.

*

"అక్కా నాది కొల్లాపూర్ దిక్కు. పోయినేడు హైదరాబాద్‌ల బీఏ చేరిన, పది దాక, ఇంటర్ గూడ తెలుగు మీడియం. ఇక్కడ అంతా ఇంగ్లీషే. మొదటి సెమిస్టర్ల రెండు బ్యాక్‌లాగ్‌లు. సార్ చెప్పేది సగం అర్థం గాదు, లేచి అడగాలంటే సిగ్గు. ఊరికి పోయి నాయిన తోటి పత్తి చేనుల పని చేసుకుంట అనిపిస్తుంది."

ఆగు తమ్మీ. పత్తి యాడికి పోదు.

నేను బీఏ ఫస్టియర్ల పొలిటికల్ సైన్స్ క్లాసుల మేడం సావరినిటీ, సావరినిటీ అని గంటసేపు చెప్తే నేను నోట్స్‌ల తెలుగు అక్షరాలతోటి "సౌరంటి" అని రాసుకున్న. సౌర అన్నది చూసి సూర్యునికి సంబంధించిందేమో అనుకున్న, నిజం చెప్తున్న. రెండు వారాల తర్వాత హిమాయత్‌నగర్ల తెలుగు అకాడమీకి పోయి డిగ్రీ పుస్తకం తెరిస్తే సార్వభౌమాధికారం అని కనిపించింది. ఓరి, ఇది ఇంటర్ల పది మార్కుల ప్రశ్న కదా, నాకు మొత్తం తెలుసు కదా! ఆ రోజు అర్థమైంది, నాకు రానిది సబ్జెక్టు కాదు, దాని ఇంకో పేరు.

నువ్వు గూడ ముందు అదే చెయ్యి. రేపటి పాఠం ఇయ్యాల రాత్రి తెలుగు అకాడమీ పుస్తకంల చదువు, అప్పుడు క్లాసుల సార్ ఇంగ్లీషుల ఏమంటున్నడో చెవికి అందుతది. ఎనక ఒక నోట్‌బుక్కుకు మధ్యల గీత గీసి ఎడమ దిక్కు తెలుగు మాట, కుడి దిక్కు ఇంగ్లీషు మాట, స్పెల్లింగ్‌తోటి రాసుకో. ఒక్కో పేపర్‌కు నూరు మాటలు అయితయి, అంతకన్న ఉండయి, ప్రతి సెమిస్టర్ల అవే మళ్ళీ వస్తయి. ఆన్సర్ చిన్న చిన్న వాక్యాలల్ల రాయి. పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యల దారి తప్పినోళ్ళకన్న, తప్పో ఒప్పో చిన్నగ రాసినోనికి మార్కులు పడుతయి, పేపర్లు దిద్దినదాన్ని చెప్తున్న. బ్యాక్‌లాగ్‌లు ఆ సెమిస్టర్ మళ్ళీ వచ్చినప్పుడు రాసుకోవచ్చు, ఆరు సెమిస్టర్లు ఉన్నయి, గానీ ఐదో సెమిస్టర్ దాక మూట కట్టి పెట్టుకోకు.

సిగ్గు సంగతి. ఈ యూనివర్సిటీల మన తెలుగు పిల్లలకు సొంత భాష ఎప్పుడుండె? 1918ల మొదలైనప్పుడు పాఠాలన్నీ ఉర్దూల, ఉర్దూల పుస్తకాలు లేవని యూనివర్సిటీ తెరవకముందే, 1917ల, తర్జుమా కోసమే ఒక పెద్ద ఆఫీసు పెట్టిండ్రు, ఫిజిక్స్ నుంచి లా దాక అన్నీ ఇంగ్లీషు నుంచి ఉర్దూలకు మార్చిండ్రు. ఇంట్ల ఉర్దూ మాట్లాడేటోళ్ళకు అది వరం. కరీంనగర్, నల్గొండ, పాలమూరు రైతు బిడ్డలకు మాత్రం అది పరాయి భాషనే. మన సి.నారాయణరెడ్డి గారు గూడ డిగ్రీ దాక ఉర్దూ మీడియంల చదివి, ఆ తర్వాత తెలుగుల ఎమ్మే చేసిండు. అంటే నువ్వు కూసున్న బెంచీ మీద నీకన్న ముందు అర్థంకాక తల గోక్కున్నోళ్ళు వంద ఏండ్ల నుంచి ఉన్నరు. సార్‌ను క్లాసుల అడగలేకపోతే క్లాసు అయినంక వరండాల అడుగు, తెలుగుల్నే అడుగు. విసుక్కుంటే విసుక్కుంటడు. నలుగురిల ఇద్దరు ఆగి చెప్తరు.

రూముల కూసుంటే ఇంకా దిగులు ఎక్కువైతది, బయటికి పో. సుల్తాన్ బజార్ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, 1901ల పెట్టిన లైబ్రరీ, తెలుగు అంటేనే నామోషీ అనుకునే రోజులల్ల మనోళ్ళు పెట్టుకున్నది. పెద్ద పుస్తకాలు కావాలంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, మూసీ పక్కన. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు పిల్లల కథల పుస్తకాలు కొనుక్కో, పెద్ద నవలలు వద్దు, ఏడో తరగతి పిల్లగాడు చదివేవి కొను, ఎవ్వరూ చూడరు. బేరం చెయ్యి, చెప్పిన ధరకు కొంటే నల్గొండోనివి కాదు పాలమూరోనివి కాదు అనుకుంటా.

ఇంకో సెమిస్టర్ రాసినంక గూడ చేను మీదికే మనసు పోతే పో, అది గూడ తప్పేం కాదు. ఒక్క సెమిస్టర్‌కు మాత్రం పోకు.

*

"ఓయూ అంటే ధర్నాలు, లాఠీచార్జీలు అని మా అమ్మ భయపడుతుంది. నిజమేనా? — కల్వకుర్తి"

నిజమే, నూటికి నూరు కాదు గానీ నిజమే. 1938ల హాస్టళ్ళల్ల వందేమాతరం పాడిండ్రని పిల్లల్ని వెళ్ళగొట్టిండ్రు, చానామంది నాగపూర్ పోయి చదువుకున్నరు, వాళ్ళల్ల ఒకాయన తర్వాత ప్రధానమంత్రి అయిండు, పి.వి.నరసింహారావు. 1969 తెలంగాణ ఉద్యమం, 2009 ఉద్యమం మీ అమ్మకు తెలిసే ఉంటయి. మొన్న 2022ల నిజాం కాలేజీ డిగ్రీ ఆడపిల్లలు హాస్టల్ కోసం రోజుల తరబడి కూసున్నరు, కూసుంటేనే కొత్త హాస్టల్ వాళ్ళకు దక్కింది. రోజూ అయితే ఇది ఉండదు. రోజూ ఉండేది క్యాంటీన్ల చాయ్ కాడ వాదన, దానికి దెబ్బలు తగలవు. ఎవరి జెండా పట్టుకుంటవో మొదటి ఏడాదే తేల్చుకోవాల్సిన తొందర లేదని చెప్పు అమ్మకు.

*

"చౌటుప్పల్ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చెయ్యొచ్చా?"

చౌటుప్పల్ నుంచి అయితే చెయ్యొచ్చు, ఎల్బీనగర్ల దిగి మెట్రో ఎక్కు, సిటీ బస్సు కోసం ఎదురుచూడకు. షాద్‌నగర్ నుంచి గూడ చేస్తున్నరు, కష్టం మీద. నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి మాత్రం వద్దు, దగ్గరదగ్గర నూరు కిలోమీటర్లు పోను, నూరు రాను. బస్సుల నిద్రపోవడానికి డిగ్రీ ఎందుకు.

*

"సీటు హైదరాబాద్‌ల తీసుకొని, ఊర్లె పని చేసుకుంట పరీక్షలు మాత్రం రాస్తే నడుస్తదా అక్కా? — అచ్చంపేట"

నడవదు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు చూస్తరు, అది గాక నువ్వు పట్టుకున్న సీటు ఇంకొకరిది అయి ఉండేది. పని వదిలే పరిస్థితి లేకపోతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నది అందుకే, 1982 నుంచి, దేశంల మొదటి ఓపెన్ యూనివర్సిటీ. స్టడీ సెంటర్‌కు సెలవు రోజులల్ల పోతే సరిపోతది. నీకు దగ్గర సెంటర్ ఏదో ముందు కనుక్కో, ఏ గ్రూపు తీసుకోవాల్నో తెల్వకపోతే ఇంటర్ మార్కుల మెమో జిరాక్సు పెట్టి మళ్ళీ రాయి, చూసి చెప్తా.